ఇంకని బావి

విశాఖ కార్తె ప్రవేశించి నాలుగు దినములయ్యెను. స్వాతివానలు మొగము చాటుచేసినందున పల్నాటి నల్లరేగడి నేలలు అరచేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చియుండెను. ప్రభాతవేళ తూర్పుదిక్కున అరుణకాంతి సోకిన మేఘశకలములు రెండు మూడు వర్షించు తలంపేమియు లేనివై నిశ్చలముగా నిలిచియుండ వాని క్రింద పడమటి మెట్టలనుండి మూడుమైళ్ళ పొడవున సాగివచ్చు నొక చిన్నకాలువ సన్నగిలిన ధారతో మందగమనమున పారుచుండెను. ఆ కాలువ మొదట పెదరేగడ యను గ్రామమును చివర సున్నపుగుట్ట యను గ్రామమును గలవు. పెదరేగడ వరిచేలు పాదములు మునుగు నీటియందు నిలిచి మరకతచ్ఛాయల నొప్పుచుండెను. సున్నపుగుట్ట మిరపచేలు పూత రాల్చి ఆకులు ముడుచుకొని తలలు వాల్చియుండెను. అపరిచితుడెవడైన ఆ గట్టున నడచినచో ఇవి ఒక్క కాలువ క్రింది పొలములని నమ్మజాలడు.

ఆ కాలువ పాలనమును కొన్ని యేండ్ల క్రిందట ప్రభుత్వమువారు రైతులకే యప్పగించిరి. దాని క్రింద భూమి గలవారందఱును చేరి నీటి సంఘముగా నేర్పడి వంతులు నిర్ణయించుకొనుట పూడిక తీసికొనుట తూములు కాచుకొనుట మొదలగు పనులను తామే నిర్వహించుకొనుచుండిరి. పెదరేగడ వాస్తవ్యుడైన గురవారెడ్డి యా సంఘమునకు అధ్యక్షుడు. నలువదియాఱేండ్ల ప్రాయము గలవాడు. మితభాషి. చేపట్టిన పనిని విడువనివాడు. అయినను అతని నెన్నుకొనుటకు ఈ గుణములు ముఖ్యకారణములు కావు. అతనికి కాలువనీటితో నంతగా పనిలేదనియు పనిలేనివాడు పక్షపాతము చూపడనియు ఉభయగ్రామములవారును నమ్మిరి. ఆ నమ్మకమునకు మూలము అతని బావి.

బావిని త్రవ్వించినవాడు అతని తండ్రి సాంబిరెడ్డి. నలువదియేండ్లకు పూర్వము కాలువ త్రవ్వకము సాగుచున్న దినములలో సాంబిరెడ్డి తన పొలమున నొకచోట చేతికఱ్ఱ గ్రుచ్చి ఇచ్చట గంగ యున్నదని పలికెననియు, విన్నవారందఱును పరిహసించిరనియు, కాలువకు నీరు విడిచిన మొదటి యేటనే బావియందు జలము ఉబికివచ్చి పరిహసించినవారి నోళ్ళు మూయించెననియు పెదరేగడ ముసలివారు చెప్పుకొందురు. అది మొదలు ఎంతటి కఱవునందైనను ఆ బావి యింకలేదు. వేసవిలో కాలువ కట్టివేసిన పిమ్మట కొంత క్రుంగుట గలదు గాని వేసవిలో క్రుంగని బావి యెక్కడ నుండునని యెవ్వరును శంకింపలేదు. చుట్టుపట్టుల గ్రామములవారు బావి త్రవ్వ దలచినపుడెల్ల సాంబిరెడ్డిని బండిమీద తోడ్కొనిపోయి స్థలము చూపించుకొనువారు. ఎనుబదియొకటవ యేట కన్నులు మసకబాఱి వీధియరుగు దాటలేని స్థితియందును జనులతనిని గంగసాంబిరెడ్డి యనియే పిలుచుచుండిరి. ఆ పిలుపు చెవినబడినపుడు వృద్ధుడు గడ్డ మించుక పైకెత్తును. గురవారెడ్డి ఆ గౌరవము నీడను పెరిగినవాడు.

అధ్యక్షుడైన తొలియేట అతడు ఇంటికొకరు చొప్పున జనమును పిలిచి తానును పార పట్టి కాలువ పూడిక తీయించెను. పండ్రెండు తూములకును ఇనుప తలుపులు బిగింపించెను. తూమునకును తూమునకును నడుమ నీటిమట్టము తెలియునట్లు గీతలు గల కొలపలకలు నాటించెను. పెదరేగడకు తొమ్మిది దినములు, పిమ్మట పై తూములన్నియు మూసి సున్నపుగుట్టకు మూడు దినములు అని వంతు నిర్ణయించి ఉభయులచేతను సంతకములు చేయించెను. ఇన్ని చేసినను చివరి పొలములకు నీరు చేరదయ్యెను.

ఆ దినము ఉదయమున సంఘపు సమావేశమునకు నాసరమ్మ వచ్చెను. సున్నపుగుట్ట తరఫున సంఘమునందు సభ్యురాలు. ఏబదియేండ్ల వితంతువు. వచ్చుచునే ఆమె చెఱగున చుట్టి తెచ్చిన వాడిన మిరపమొక్క నొకదానిని వేరులతోగూడ బల్లమీద నుంచెను.

"చూడండి పెసిడెంటు గారూ. మా వంతు నిన్నటితో అయిపోయింది. మూడు రోజులూ మీ తూములన్నీ మూసే ఉన్నయ్యంటిరి. మా కాడికొచ్చిన నీళ్ళకి కోడిపిల్ల కాళ్ళు గూడా తడవలా."

"రేగడి నేలమ్మా, కాలువే తాగేసుద్ది. దానికి మేమేం జేస్తాం?" అని వెనుకనుండి పెదరేగడ రైతొకడు పలికెను.

నాసరమ్మ అటు తిరుగలేదు. "డ్యాము నీళ్ళు ఇంక పద్దెనిమిది రోజులే ఇస్తారంట. మాకు మిగిలింది ఒక్కటే వంతు. అది గూడా ఇట్టే పోతే ఊరంతా మిరప పీకి పొయ్యిలో పెట్టుకోవాల. నేను తగాదాకి రాలా. రేపు ఒక్క పూట తూములన్నీ మూయించండి. నాతోపాటు మొదలు కాణ్ణుంచి చివరికంటా గట్టు మీద నడవండి. నీళ్ళు యాడ దిగిపోతన్నయ్యో మీ కళ్ళతో మీరే చూడండి."

అడిగినది న్యాయమే గనుక గురవారెడ్డి సమ్మతించెను.

మఱునాడు సూర్యోదయముతో తూములన్నియు మూయబడెను. కాలువ కాపరియైన మస్తాను ముందును గురవారెడ్డియు నాసరమ్మయు వెనుకను గట్టుమీద నడువసాగిరి. మస్తాను ముప్పదియేండ్లుగా ఆ గట్టున తిరుగుచున్న లస్కరు. అతడెఱుగని గడ్డిపోచ యచ్చట లేదు. మూడవ పలకకడ నీరు పదునాలుగు గీతల నంటుచుండెను. అయిదవ పలకకడ పదుమూడు. అచ్చటినుండి ఆఱవ పలక నాలుగు వందల గజముల దూరమే. ఆ పలకకడ నీరు తొమ్మిదవ గీతను దాటలేదు. నాసరమ్మ వంగి వ్రేలితో గీతల నొకసారి లెక్కించి మరల లెక్కించెను. పిదప తలయెత్తి కుడిదిక్కున నున్న పొలమును చూచెను. ఏపుగా నెదిగి వెన్ను తీయుచున్న పదునైదెకరముల వరి. గురవారెడ్డి పొలము.

మస్తాను బీడీ వెలిగించుకొను నెపమున మొగము వేఱొకవైపునకు త్రిప్పుకొనెను.

"ఎండ్రకాయలు బొరియలు పెట్టుంటయ్యి" అని గురవారెడ్డి పలికెను. "నేను చూసుకుంటా. మీరు ముందుకు పదండి."

"చూసుకోండి. మీ పొలమేగా. మీకన్నా ఎవరికి తెలుసుద్ది" అని నాసరమ్మ సాగిపోయెను. ఆమె స్వరమున ఎత్తిపొడుపేమియు లేదు. లేకుండుటయే గురవారెడ్డిని కలతపెట్టెను.

వారు కనుమఱుగైన పిమ్మట అతడు పంచె పైకి కట్టి కాలువలోనికి దిగి గట్టు వెంబడి పాదములతో తడవుచు నడచెను. నూఱడుగులు నడచెనో లేదో కుడికాలిని నీరు బలముగా లోనికి లాగెను. వంగి చేయి చాచి చూడగా నాచు పట్టిన రాతిపలకయు దాని నడుమ ఇనుపకమ్ములు బిగించిన గుండ్రని రంధ్రమును తగిలెను. ఎండ్రకాయలు ఇనుపకమ్ములు బిగింపవు. అతడు లేచి నిలిచి ఆ రంధ్రపు దిశను కంటితో కొలిచెను. సూటిగా బావి యుండెను.

మిట్టమధ్యాహ్నమువేళ అతడు బావిమీది రెండు మోటారులను నడిపించి నీటిని దించెను. పుట్టి బుద్ధియెఱిగిన నాటినుండి ఆ బావి పదునైదవ మెట్టునకు దిగువ నెట్లుండునో అతడు చూచియుండలేదు. ఇరువదిరెండవ మెట్టుకడ పడమటిగోడ రాళ్ళనడుమ కాల్చిన మట్టిగొట్టమొకటి బిందెమూతి యంత వెడల్పున తెఱచుకొని ధారాపాతముగా నీటిని గ్రుమ్మరించుచుండెను. ఆ నీటిని దోసిట పట్టి వాసన చూచెను. ఊటనీటి చల్లదనము లేదు. కాలువ బురదవాసన. నాలుగు దిక్కుల గోడలను పరికించెను. కొండరాయి తప్ప ఊట యన్నది ఎచ్చటను గానరాలేదు. చేపట్టిన నీటిని విడువవలెననియు తోచక గురవారెడ్డి ఆ తడిమెట్టుపైననే చాలసేపు కూర్చుండెను.

ఇంటికి వచ్చునప్పటికి సాంబిరెడ్డి అరుగుమీద నుండెను.

"నాయనా, బావిలో పడమటి గోడకి గొట్టముంది."

వృద్ధుడు "రెండు మోటార్లూ వేసి దించావా?" అని యడిగెను.

"దించా."

"యాభై అడుగులు తవ్వినా చుక్క పడలేదురా గురవా. అడుగున కొండరాయి. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తాండారు. అప్పుడే కాలువ కట్ట పోస్తన్నారు. కట్ట కింద గొట్టం వేయించా. ఒక్క ఏడాదికేలే, మళ్ళీ లోతు తవ్విద్దామనుకున్నా. నీళ్ళు పడ్డ రోజున నన్ను భుజాల మీద ఎత్తుకొని ఊరేగించారు. ఎత్తుకున్నోళ్ళ భుజాల మీంచి దిగి ఎట్టా చెప్పేది?"

నలువదియేండ్లుగా తన యింటి పేరుప్రతిష్ఠలు నిలిచిన పునాది ఎంత మెత్తనిదో ఆ క్షణమున గురవారెడ్డికి దెలియవచ్చెను. అయినను ఎదుట నున్నవాడు తనకు నడక నేర్పిన తండ్రి. మసకకన్నులు తన మొగమెచ్చట నున్నదో పోల్చుకొనలేక గాలిలో వెదకుచుండెను.

"పూడ్చాలంటే పూడ్చు. నేనడ్డం రాను. నేను పోయిందాకా మాత్రం నలుగురిలో అనమాక" అని సాంబిరెడ్డి మాట ముగించెను.

ఆ సాయంకాలమే గురవారెడ్డి రాళ్ళను బంకమన్నును సిమెంటును తానొక్కడే మోసికొనిపోయి ఆ రంధ్రమును మూసివేసెను. మూసివేసిన పిమ్మట అతనికి కొంత ఊఱట కలిగెను. తప్పిదము సరిదిద్దబడినది, నీరు వెళ్ళవలసిన చోటికి వెళ్ళును, నష్టమంతయు తనదే, ఇంతకు మించి లోకమున కేమి కావలెనని తనకు తానే సమాధానము చెప్పుకొనెను. గట్టుమీద ఎదురైన మస్తాను ఆ బంకమంటి చేతులను చూచి "ఎప్పుడో తెలుసు రెడ్డీ. తెలిసి ఎవరికి చెప్పేది, మీ ఇంటి మీద?" అని మాత్రమనెను.

నాలుగు దినములలో బావి మోటారులకందనంత లోతునకు క్రుంగెను. పదునైదెకరముల వరియు ఈనికకడ నిలిచిపోయి మెల్లమెల్లగా పసుపువన్నె తిరుగుచుండెను. పెదరేగడ జనులు నోళ్ళు నొక్కుకొనిరి. గంగసాంబిరెడ్డి బావియే యింకినదన్నచో ఇది యెంతటి పాడుకాలమో యని వాపోయిరి. పిమ్మట సున్నపుగుట్ట వంతు వచ్చెను. పై తూములు మూయబడిన నాటి మధ్యాహ్నమే కాలువ చివరిపలకకడ నీరు పండ్రెండు గీతల కెక్కెను. స్త్రీలు పురుషులు పారలతో పొలములకు పరుగులిడిరి. తడిసిన రేగడివాసన ఊరంతయు క్రమ్మెను. తన చేనికి నీరెక్కకున్నను చివరివారికి నీరు పంపిన ధర్మాత్ముడని గురవారెడ్డి పేరు ఆ మూడు దినములును ఇంటింట వినబడెను.

వంతు ముగిసిన మఱునాటి యుదయమున సున్నపుగుట్ట పాఠశాల ఆవరణమున సర్వసభ్య సమావేశము జరిగెను. అధ్యక్షుని సన్మానింపవలెనని ఆ గ్రామమువారు పూలదండలు తెచ్చిరి. తండ్రిని గూడ గౌరవింపవలెనని సాంబిరెడ్డిని మెత్తవేసిన బండిలో పిలిపించి కుర్చీలో కూర్చుండబెట్టి ముందుగా అతని మెడలో నొక దండ వేసిరి. గురవారెడ్డి దండ నాసరమ్మ చేతనుండెను. సన్మానమునకు ముందు ఒక్క పని మిగిలియుండెను. ఆఱవ తూమునకు దిగువ నొక యెకరము గల పెదరేగడ రైతు ఏసోబు మూడు వారముల క్రిందట చేరెడు వెడల్పున కాలువగట్టును కోసి తన చేనికి నీరు పెట్టుకొనుచు పట్టుబడెను. నీరు దొంగిలించినవాని తూము ఆ పంటకును మఱుపంటకును మూయబడవలెనన్నది సంఘపు కట్టడి. దానిని వ్రాసినవాడు గురవారెడ్డి. ఇప్పుడు నలుగురి యెదుట చదివి తీర్పు చెప్పవలసినవాడును అతడే.

ఏసోబు తలపాగ చేతబట్టుకొని నిలువబడెను. "నిజమే. కోశా. పక్క చేలన్నీ తడుస్తా ఉంటే నా ఒక్కడిదే ఎండిపోతంది. చూస్తా ఊరుకోలేకపోయా. మీరేం చెబితే అదే" అని పలికెను.

గురవారెడ్డి కాగితము చేతబట్టి లేచెను. మొదటి పంక్తి చదివెను. రెండవ పంక్తియందు దొంగ యను పదము గలదు. ఆ పదముకడ అతడు చదువుట ఆపెను. ఎదుట నున్నవాని యెకరము ఏల యెండినదో ఆ సభయందు తనకును తన తండ్రికిని మస్తానునకును తప్ప మఱియెవ్వరికిని దెలియదు. తెలిసిన యా తండ్రి మెడలోనే దండ యున్నది. కాగితమును బల్లమీద నుంచి అతడు నలుదిక్కులను చూచెను.

"ఏసోబుకి శిక్ష వేయటానికి నేను చాలను. అయిదో పలకకీ ఆరో పలకకీ మధ్య కట్ట కింద గొట్టముంది. ఆ గొట్టం మా బావిలోకి పోతంది. నలభై ఏళ్ళుగా మా బావిలో ఉన్నయ్యి మీ నీళ్ళే. ఊట లేదు, గంగా లేదు. మొన్న నేనే పూడ్చా. అందుకే మీకు నీళ్ళొచ్చినయ్యి."

నాసరమ్మ చేతిదండతో అడుగు ముందుకు వైచెను.

"ఎన్నాళ్ళయింది మీకు తెలిసి?"

"పన్నెండు రోజులు."

"పన్నెండు రోజులుగా తెలిసి, ఇయ్యాల దండ వేయించుకుందామనే వచ్చారా?"

గురవారెడ్డి ఆమెనుండి చూపు మరల్చుకొనలేదు. "అవును. వేయించుకుందామనే వచ్చా."

అంతలో కుర్చీయందు కదలిక కలిగెను. సాంబిరెడ్డి తన మెడలోని దండను తీయబోయెను. అది చెవికి తగులుకొని యొకంతట రాలేదు. సాయము చేయుటకెవ్వరును కదలలేదు. ఎట్టకేలకు దానిని తీసి ఒడిలో నుంచుకొని అతడిట్లనెను. "గొట్టం వేయించింది నేను. వాడప్పుడు ఆరేళ్ళోడు. చెప్పమాకని గూడా నేనే అన్నా."

నాసరమ్మ వృద్ధునివైపు తిరిగెను. ఆమె కంఠస్వరము హెచ్చలేదు. "మాకు మూడున్నర ఎకరాలుండేది పెద్దాయనా. నీళ్ళు రాక రెండెకరాలు పోయింది. మిగిలింది గూడా పండక మా ఆయన సున్నపురాయి గనికి కూలికి పోయాడు. ఏడేళ్ళు దుమ్ము తిన్నాడు. ఊపిరాడక పోయాడు. మా రాత అనుకున్నాం. నేల తాగేస్తందంటే నిజమే గామోసనుకున్నాం."

పిమ్మట కేకలును వాదములును చెలరేగెను. కొందఱు పోలీసులకు చెప్పవలెననిరి. కొందఱు తాముగా ఒప్పుకొనినవారిని విడువవలెననిరి. మధ్యాహ్నమువరకు తర్కించి చేతులెత్తి నిర్ణయించినదేమనగా ఏసోబు చేని యెండుటకు గొట్టమే కారణము గనుక అతని తూము ఒక్క వంతు మాత్రము మూయవలెను. గురవారెడ్డి తూము కట్టడి ప్రకారము రెండు పంటలును మూయవలెను. గురవారెడ్డి అధ్యక్షపదవిని వదలుకొనుచున్నానని చెప్పగా మఱల యెన్నిక జరుగువరకు ఆ పని నాసరమ్మ చూడవలెను.

ఆమె బల్లకడకు వచ్చి చేతిదండ నెచ్చట పెట్టవలెనో తోచక కిటికీ యూచకు తగిలించి పలికెను. "పదవి వద్దంటే సరే. పలకలు నాటించింది మీరు, చదవటం తెలిసిందీ మీకే. రోజూ పొద్దున్నే మస్తానుతోపాటు చివరికంటా నడిచి ఏ పలక దగ్గర ఎన్ని గీతలున్నయ్యో వచ్చి చెప్పండి. ఇంట్లో కూర్చుంటే ఏం లాభం?"

గురవారెడ్డి ఆ మాటను శిరసావహించెను. ఎండిన వరిని కోసి పశువులకు వేసెను. డ్యాము నీరు నిలుచువరకు ప్రతిదినమును గట్టున నడచి గీతలు చదివి చెప్పుచుండెను. కొందఱు పలుకరించిరి. కొందఱు మొగము త్రిప్పుకొనిరి. పలుకరించినవారికంటె త్రిప్పుకొనినవారి యెదుటనే తనకు నిలుకడగా నుండుటను చూచి అతడే విస్మయపడెను. సాంబిరెడ్డి మాత్రము అరుగుమీదికి వచ్చుట మానెను. బావి స్థలము చూపుమని అతనిని పిలుచువా రెవ్వరును లేరైరి. తండ్రీకొడుకుల నడుమ భోజనమునకు సంబంధించిన మాటలు తప్ప మఱియొక మాట లేక రెండు మాసములు గడచెను.

మాఘమాసమున నొక ప్రాతఃకాలమున వృద్ధుడు "గురవా, బండి కట్టించు. కాలువ చివరికి పోవాల" అనెను. నలువదియేండ్లలో అతడొక్కసారియైనను కాలువ చివరను చూచియుండలేదు.

బండి సున్నపుగుట్ట పొలముల మొదట నిలిచెను. గురవారెడ్డి చేయి పట్టుకొనబోగా వృద్ధుడు వలదని వారించి కఱ్ఱ యూతతో నొక్కడే గట్టుమీద నడచెను. నాసరమ్మ చేనిలో వంగి మిరపకాయలు కోయుచుండెను. నీడ తనమీద పడగా తలయెత్తి వచ్చినవానిని గుర్తించెను. రమ్మనలేదు. పొమ్మనలేదు.

"ఇదేనా నీ చేను? ఎంతుంది?" అని సాంబిరెడ్డి యడిగెను.

"ఎకరన్నర."

ఎండలో అతడు బరువంతయు కఱ్ఱమీదికి వాల్చి నిలిచెను. నాసరమ్మ కొంతవడి చూచి గట్టుమీద నున్న కాయలతట్టను ఒక ప్రక్కకు జరిపెను. ఒక మనిషి కూర్చుండుటకు చాలినంత చోటేర్పడెను. వృద్ధుడు కఱ్ఱను నేల నానించి మెల్లగా కూర్చుండెను.

ఆమె క్షమించెనో లేక వయసు చూచి జాలిపడెనో చెప్పుటకు ఆధారము లేదు. ఆమెయు ఎవ్వరితోడను చెప్పలేదు. చేసిన యన్యాయము పేరు వినుట వేఱు, దాని గట్టున కూర్చుండుట వేఱు. ఎండ నడినెత్తి కెక్కువరకు వృద్ధుడచ్చటనే కూర్చుండెను. ఆమె సాలువెంట సాలుగా కాయలు కోయుచు దూరమగుచుండెను. సాంబిరెడ్డి మసకకన్నులకు ఆమె రూపము కానరాదయ్యెను. చేనంతయు పఱచుకొనియున్న యెఱుపు మాత్రము కానవచ్చుచుండెను.